శబ్దమునకు జడియు పిల్లలు, వారి భోజనము

పిల్లవాడు అన్నము సరిగా తినుటలేదని చెప్పని తల్లి అరుదు. దానికి ఇరుగుపొరుగువారు చెప్పు కారణములు పెక్కులు. దిష్టి తగిలినదని ఒకరు ఉప్పు, మిరపకాయలు దిగదుడువుమందురు. కడుపులో నులిపురుగులున్నవని ఒకరు మందు పోయుమందురు. అది వట్టి పెంకితనము, రెండు తగిలించినచో తానే తినునని మరియొకరు చెప్పుదురు. నులిపురుగులు ఉండవచ్చును, జ్వరము వచ్చు సూచన కావచ్చును, పండ్లు వచ్చు కాలము కావచ్చును. ఇవియన్నియు విచారింపదగినవే. కాని సామాన్యముగా ఎవరికిని తోచని కారణము మరియొకటి కలదు. అది చెవికి సంబంధించినది. కొందరు పిల్లలు ఆహారము నచ్చక కాక, భోజన సమయమున చుట్టును ఉండు చప్పుళ్లను భరింపలేక కంచమునొద్దనుండి లేచిపోవుదురు.

ఈ సంగతి తెలియనందువలన కలుగు హాని రెండు విధములు. బిడ్డకు చాలినంత ఆహారము అందకపోవుట ఒకటి. తాను చేయని తప్పునకు తిట్లును దెబ్బలును తినుట రెండవది. ఈ రెండింటిని తప్పించుటకు పెద్ద వ్యయముతో పనిలేదు. కారణమును గుర్తించుటయే ముఖ్యము.

శబ్దమును వినుట ఎట్లు జరుగును?

శబ్ద తరంగములు చెవిలో ప్రవేశించి కర్ణభేరిని కదలించును. ఆ కదలికను కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందించును. అచ్చట నత్తగుల్ల ఆకారముననున్న కర్ణావర్తము ఆ కదలికను నాడీ సంకేతముగ మార్చి మెదడునకు పంపును. అంకవన్నెను పట్టియుండు కండరము మిక్కిలి చిన్నది. గట్టి శబ్దము వినబడినప్పుడు అది బిగిసి, లోపలికి పోవు శబ్దమును కొంత తగ్గించును. ఇది ప్రకృతి మనకు ఇచ్చిన రక్షణ.

అయినను వినుట చెవితో ముగియదు. వచ్చిన శబ్దములలో ఏది ముఖ్యము, ఏది కాదు అని నిర్ణయించునది మెదడు. గోడ గడియారపు టిక్కుటిక్కును, పంకా చప్పుడును కొలది నిమిషములలో మనము మరచిపోవుదుము. మెదడు వానిని ప్రక్కకు నెట్టివేయుటయే దీనికి కారణము. కొందరు పిల్లలలో ఈ ఏర్పాటు చక్కగా పనిచేయదు. ప్రతి శబ్దమును క్రొత్తదిగను, పెద్దదిగను, ఒక్కొక్కప్పుడు అపాయకరమైనదిగను తోచును. ఇట్టి పిల్లలకు వినికిడి ఇతరులకంటె సూక్ష్మముగ ఉన్నదని భావింపరాదు. పరీక్షించి చూచినచో వినికిడి సామాన్యముగనే ఉండవచ్చును. కొందరిలో తక్కువగనైనను ఉండవచ్చును. భేదము వినుటలో లేదు, ఓర్చుటలో ఉన్నది.

శబ్ద తీవ్రతను డెసిబెల్ అను కొలతతో కొలుతురు. గుసగుస మాట సుమారు 30 డెసిబెల్‌లు, సాధారణ సంభాషణ సుమారు 60 డెసిబెల్‌లు. వంటయింటి మిక్సీ దగ్గర ఈ కొలత 80 దాటుట కద్దు. ఈ అంకెలు సామాన్యపు లెక్కలవలె పెరుగవు. ప్రతి 10 డెసిబెల్‌లకు శబ్ద శక్తి పదిరెట్లగును. చెవికి సుమారు రెట్టింపుగ వినబడును. భారత ప్రభుత్వము 2000 సంవత్సరమున చేసిన శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రదేశములలో పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెల్‌లు మించరాదు. ఇవి ఇంటి వెలుపలి శబ్దమునకు చేసిన నియమములు. ఇంటిలోని శబ్దమును అదుపులో నుంచవలసినవారు ఇంటివారే.

ఓర్వలేమి మూడు విధములు

మొదటిది, ఇతరులకు సాధారణముగ తోచు శబ్దము బిడ్డకు మిక్కిలి పెద్దదిగ, నొప్పి కలిగించునదిగ తోచుట. దీనిని వైద్యులు హైపరకూసిస్ అందురు. రెండవది, ఏదో ఒక శబ్దమునెడ భయము. కుక్కరు ఈల ఎప్పుడు వచ్చునో అను ఆందోళన ఈల కంటె ఎక్కువగ బాధించును. మూడవది, పెద్ద శబ్దములు కాక, నమలుట, జుర్రుట, గుటకవేయుట వంటి చిన్న చప్పుళ్లు వినగనే పట్టరాని రోతయు కోపమును కలుగుట. దీనికి మిసోఫోనియా అని పేరు. ఈ పేరు 2001 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. ఇది తరచుగ పదేండ్లు దాటుచున్న వయసున బయటపడును. ఒకే బిడ్డలో ఈ మూడును కలిసి ఉండవచ్చును.

శబ్దము ఆకలిని ఎట్లు చెరచును?

భయము కలిగినప్పుడు శరీరము పరుగెత్తుటకో, ఎదిరించుటకో సిద్ధమగును. గుండె వేగముగ కొట్టుకొనును. రక్తము కండరములకు మరలును. నోట ఉమ్మి తగ్గును. జీర్ణకోశపు కదలిక మందగించును. ఎండిన నోటితో పొడి అన్నపు ముద్ద మ్రింగుట పెద్దలకే కష్టము. పిల్లవాడు ముద్దను బుగ్గన పెట్టుకొని కూర్చుండుటకు ఇది ఒక కారణము. ఆ సమయమున అతనికి నిజముగనే ఆకలి యుండదు.

రెండవ కారణము అలవాటునకు సంబంధించినది. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు పావ్లోవు, కుక్కలకు ఆహారము పెట్టుటకు ముందు ఒక చప్పుడు వినిపించుచు వచ్చెను. కొంతకాలమునకు ఆహారము లేకున్నను ఆ చప్పుడు విన్నంతనే వాని నోట ఉమ్మి ఊరెను. ఈ ధర్మమే తలక్రిందుగ గూడ పనిచేయును. ప్రతిదినము కుక్కరు ఈలతో బెదరిన వెంటనే పప్పన్నము ఎదుటికి వచ్చినచో, కొన్నాళ్లకు పప్పు వాసనయే బెదురు పుట్టించును. అప్పుడు తల్లి 'వీనికి పప్పు పడదు' అనుకొనును. పడనిది పప్పు కాదు, దానికి ముందు వచ్చు ఈల.

మూడవది, ఆహారము చేయు చప్పుడు. మనము నమలునప్పుడు ఆ శబ్దము గాలిద్వారానే కాక దవడ ఎముకలద్వారా గూడ చెవిని చేరును. అప్పడము, జంతిక, పచ్చి క్యారెట్టు వంటివి కొరుకు పిల్లవానికి ఆ చప్పుడు తలలోపలనే మ్రోగినట్లుండును. అట్టివాడు మెత్తని పెరుగన్నము, ఇడ్లీ తప్ప మరేమియు ముట్టకపోవచ్చును. దీనికి విపరీతముగ, కరకరలాడు పదార్థములనే కోరు పిల్లలును కలరు. తాను చేయు చప్పుడు తన అదుపులో నుండును గనుక అది వారిని బాధింపదు. ఆహారపు రుచిలో చెవికి పాలు కలదని శాస్త్రజ్ఞులు గూడ నిరూపించిరి. ఇంగ్లండులో జరిగి 2004లో ప్రకటితమైన ఒక ప్రయోగములో, ఆలుగడ్డ వేపుళ్లను కొరుకునప్పుడు వచ్చు చప్పుడును యంత్రసహాయముతో హెచ్చించి వినిపింపగా, తినువారికి అవి మరింత కరకరలాడుచున్నట్లు తోచినవి.

నాల్గవది, ఇతరులు తినుచుండగా వచ్చు చప్పుడు. చారు జుర్రుట, మజ్జిగ గుటకలు, వ్రేళ్లు నాకుట మన పంక్తి భోజనములలో సహజము. మిసోఫోనియా గల బాలిక వీనికి ఓర్వలేక తన కంచము తీసికొని వేరొక గదిలోనికి పోవును. పెద్దలు దానిని పొగరనుకొందురు. మందలింపులకు వెరచి ఆమె క్రమముగ ఒక పూట భోజనమే మానివేయును.

వైద్యులు గమనించిన విషయములు

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు, ఇప్పుడు ఆటిజము అని పిలువబడు స్థితిని గూర్చి తన ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. అందు వర్ణింపబడిన పిల్లలు 11 మంది. వారిలో పెక్కుమందికి శైశవమునందే ఆహారముతో చిక్కులు ఉండెనని అతడు వ్రాసెను. పెద్ద శబ్దములకు వారు మిక్కిలి భయపడుదురని గూడ అచ్చటనే వ్రాసెను. బయటి ప్రపంచము తమలోనికి చొరబడు రెండు త్రోవలుగ ఈ రెండును ఆ పిల్లలకు తోచునని అతని అభిప్రాయము. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథమును సవరించినప్పుడు, శబ్దము, స్పర్శ మొదలగువానికి అతిగానో, అత్యల్పముగానో స్పందించుటను ఆటిజము లక్షణములలో చేర్చెను. ఆ గ్రంథమునందే, లావగుదునను భయముతో నిమిత్తము లేకుండ, ఆహారపు ఇంద్రియ లక్షణములవలననో, తినుటయందలి భయమువలననో, ఆసక్తి లేకపోవుటవలననో పోషణ చెడునంతగ ఆహారము మానుటను ఒక ప్రత్యేక రుగ్మతగ గుర్తించిరి. దానిని ఆర్ఫిడ్ అందురు. 2022 జనవరినుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టికలోను ఇది చేర్చబడినది.

ఇది చదివి తల్లిదండ్రులు భీతిల్లరాదు. ఆటిజము గల పిల్లలందరు శబ్దమునకు జడియరు. శబ్దమునకు జడియు పిల్లలందరికిని ఆటిజము లేదు. చిన్నతనమున మిక్సీకి, టపాకాయలకు బెదరి, పెరిగినకొలది ధైర్యము తెచ్చుకొను పిల్లలు ఎందరో కలరు. బెదురు భోజనమును, నిద్రను, ఆటను చెరచుచున్నప్పుడే దానిపై శ్రద్ధ వహింపవలెను.

ఎట్లు గుర్తింపవలెను?

నాలుగేండ్ల బాలుడొకడు ఉన్నాడనుకొందము. ఇంటిలో ఉదయము ఇడ్లీ తినడు. మధ్యాహ్నము కొంచెము తినును. రాత్రి డాబాపై అమ్మమ్మ పెట్టు గోరుముద్దలు మాత్రము కడుపునిండ తినును. అమ్మమ్మ చేతి మహిమయని ఇంటివారు మురియుదురు. కాని విచారించినచో, ఉదయము మిక్సీ తిరుగును, కుక్కరు ఈల వేయును, టెలివిజనులో వార్తలు మ్రోగును. డాబాపై ఇవేవియు లేవు. ఆహారము ఏదైనను, చోటు మారగనే తిండి మారుచున్నచో చెవిని అనుమానింపవలెను.

గమనింపవలసిన ఇతర గుర్తులు ఇవి: చెవులు మూసికొనుట, వంట మొదలు కాగానే వంటయింటికి దూరముగ పోవుట, మిక్సీ మూత తీయుట చూచియే ఏడ్చుట, స్టీలు గిన్నె క్రిందపడగనే తినుట మానివేయుట, ఇంటిలో తిని, బడిలోను పెండ్లి విందులలోను ఏమియు ముట్టకపోవుట.

ఒక చిన్న పుస్తకము తీసికొని ఏడు దినములు వ్రాసియుంచుట మంచి పద్ధతి. ఏ వేళ, ఏ చోట, ఏమి పెట్టితిమి, ఎంత తినెను, అప్పుడు వినబడుచున్న చప్పుళ్లు ఏవి అను అయిదు సంగతులు చాలును. వారము తిరుగునప్పటికి కారణము చాలవరకు తేటపడును. వైద్యుని చూపింపవలసివచ్చినచో ఈ పుస్తకము అతనికి మిక్కిలి ఉపయోగపడును.

ఇంటిలో చేయదగిన పనులు

1. వంట పనికిని, బిడ్డ భోజనమునకును నడుమ కొంత వ్యవధి ఉంచవలెను. రుబ్బుట, కుక్కరు పెట్టుట ముగిసిన పావుగంటకు బిడ్డకు అన్నము పెట్టవలెను.

2. భోజనపు చోటు వంటయింటికి, వీధి వాకిలికి దూరముగ ఉండవలెను. ఒకే గది గల ఇంటిలో వసారాగాని, పెరడుగాని, డాబాగాని చాలును. పూర్వము తల్లులు చందమామను చూపుచు ఆరుబయట అన్నము పెట్టుటలో ఈ మేలు గూడ ఇమిడియున్నది.

3. టెలివిజను, రేడియో, సెల్‌ఫోను భోజన సమయమున ఆపివేయవలెను. ఫోనులో బొమ్మలు చూపి మ్రింగించిన అన్నముతో ఆకలి తీరినదీ లేనిదీ బిడ్డకు తెలియదు. ఏడాది నిండని శిశువునకు అట్టి తెరలు అసలే తగవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

4. కంచము క్రింద దళసరి గుడ్డ పరచినచో స్టీలు చప్పుడు తగ్గును. విస్తరాకులోనో, అరటియాకులోనో పెట్టినను మంచిదే. బల్లపై తినువారు కుర్చీ కాళ్లకు గుడ్డ చుట్టవచ్చును.

5. తప్పని శబ్దమును ముందుగా చెప్పవలెను. 'ఇప్పుడు మిక్సీ వేయుచున్నాను, పది లెక్కించులోపల ఆపెదను' అని చెప్పి, చెప్పినట్లే ఆపవలెను. తెలిసిన శబ్దము తెలియని శబ్దమంత భయపెట్టదు.

6. ధైర్యము మెల్లగ అలవరుపవలెను. మొదట మిక్సీ వేరొక గదిలో తిరుగుచుండగా తల్లి ఒడిలో వినుట, కొన్ని దినములకు గుమ్మముకడ నిలిచి వినుట, పిమ్మట పెద్దల చేయి పట్టుకొని తానే మీట త్రిప్పుట. ఆపు అధికారము బిడ్డ చేతిలో నున్నప్పుడు భయము త్వరగ తగ్గును. ఈ అభ్యాసము భోజన సమయమున చేయరాదు.

7. బిడ్డ తిను పదార్థములను ఆధారముగ చేసికొని పోషణను పెంచవలెను. మెత్తనివే తినువానికి రాగిజావ, పప్పు కలిపిన మెత్తని అన్నము, ఉడికిన గ్రుడ్డు, మెత్తగ ఉడికించిన ఆకుకూర, వేరుసెనగ పొడి ఇవ్వవచ్చును. క్రొత్త పదార్థమును కొంచెముగ కంచములో ఒకప్రక్క ఉంచవలెను. పది పదిహేను మారులు చూచిన తరువాతగాని కొందరు పిల్లలు దానిని నోట పెట్టరు.

8. భోజనమునకు అరగంట చాలును. ఏమి పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో పెద్దలు నిర్ణయింపవలెను. ఎంత తినవలెనో బిడ్డకు వదలవలెను.

9. పెండ్లికో, జాతరకో పోవునప్పుడు ఇంటివద్దనే తినిపించి తీసికొనిపోవుట మేలు. బాజాల నడుమ విందు తినలేదని నలుగురిలో నిందింపరాదు.

చేయగూడని పనులు

ముక్కు మూసి, కాళ్లు పట్టి అన్నము కూరరాదు. ముద్ద శ్వాసనాళమున పడి ప్రాణాపాయము కలుగవచ్చును. అరచుట అసలే పనికిరాదు. శబ్దమునకు జడియు బిడ్డకు అరుపు మరియొక శబ్దము. 'బూచి వచ్చును' అని బెదరించి తినిపించుటయు అట్టిదే. చెవిలో నూనె పోయుట, పుల్లతో దూది లోనికి త్రోయుట ప్రమాదకరము. చెవులపై పెట్టుకొను శబ్ద నిరోధకములను టపాకాయల వేళ, విందులలో కొంతసేపు వాడవచ్చును. కాని దినమంతయు ధరింపజేసినచో మెదడు నిశ్శబ్దమునకే అలవాటుపడి, ఓర్వలేమి మరింత పెరుగును.

బడిలోను, అంగన్‌వాడిలోను

మన దేశమున కోట్లకొలది పిల్లలు మధ్యాహ్నము బడిలోనే భుజింతురు. 1995 ఆగస్టు 15న ఆరంభమైన జాతీయ మధ్యాహ్న భోజన పథకము 2021నుండి పి.ఎం. పోషణ్ అను పేర నడచుచున్నది. వందమంది పిల్లలు ఒక వసారాలో కూర్చుండి స్టీలు పళ్లెములు మ్రోగించుచుండగా, ఓర్వలేని బిడ్డ తినక లేచుట ఆశ్చర్యము కాదు. ఆ పూట భోజనమే కొందరికి ముఖ్యాహారము గనుక ఈ నష్టము చిన్నది కాదు.

ఉపాధ్యాయులు అట్టి బిడ్డను వంటపాత్రలకు, గంటకు దూరముగ, వరుస చివర కూర్చుండబెట్టవచ్చును. మిగిలినవారికంటె అయిదు నిమిషములు ముందుగ వడ్డింపవచ్చును. ఇష్టమైన స్నేహితునొకనిని ప్రక్కన కూర్చుండనీయవచ్చును. తోడి పిల్లలు ఎగతాళికై పళ్లెము మ్రోగించినచో వారింపవలెను. భోజనము వదలిన సంగతి తల్లికి తెలియజేయవలెను. వీనికి వేటికిని డబ్బు అక్కరలేదు.

వైద్యుని ఎప్పుడు చూపవలెను?

మొదట చెవిని పరీక్ష చేయింపవలెను. మధ్యకర్ణమునుండి గొంతునకు ఒక సన్నని నాళము కలదు. మ్రింగునప్పుడెల్ల అది తెరచుకొనును. జలుబు చేసి మధ్యకర్ణమున చీము పట్టినప్పుడు నమలుట, మ్రింగుట నొప్పి కలిగించును. శబ్దభయమని తోచినది కేవలము చెవి నొప్పియే కావచ్చును. పార్శ్వపు తలనొప్పి, ముఖనాడి పక్షవాతము గలవారిలోను శబ్దమునకు ఓర్వలేమి కనిపించును.

బరువు పెరుగకున్నను, తగ్గుచున్నను, కండ్ల లోపలి రెప్పలు, నాలుక పాలిపోయినను, తినునప్పుడు తరచు పొరమారుచున్నను, దగ్గు వచ్చుచున్నను, తిను పదార్థముల సంఖ్య నానాటికి తగ్గుచున్నను, మాటలు ఆలస్యమైనను, పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకున్నను ఆలస్యము చేయరాదు. నీరు గూడ త్రాగనిచో అదే దినమున ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పాలిపోయిన బిడ్డకు రక్తహీనత ఉండవచ్చును. రక్తహీనత ఆకలిని మరింత చంపును గనుక ఈ రెండును ఒకదాని నొకటి పెంచుచుండును.

అంగన్‌వాడిలో బిడ్డ బరువును కొలిచి పెరుగుదల పటములో గుర్తింతురు. దానిని చూపుమని అడుగుట తల్లి హక్కు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు పిల్లలను ఉచితముగ పరీక్షింతురు. వైద్య బృందములు అంగన్‌వాడి కేంద్రములకు ఏటికి రెండు మారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒక మారు పోవలెనని ఏర్పాటు. అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. వినికిడి పరీక్షకు మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయు, ఎదుగుదల లోపముల విషయమున సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థయు ప్రసిద్ధములు. ఆడియాలజిస్టు అను శ్రవణ నిపుణుడు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, పోషకాహార నిపుణుడు, పిల్లల వైద్యుడు కలిసి చూచినచో ఫలితము మెండుగ ఉండును.

బిడ్డ తనకు కలిగిన బాధకు పేరు చెప్పలేడు. 'చప్పుడు నన్ను బాధించుచున్నది' అనుటకు బదులు 'నాకు వద్దు' అనును. ఆ 'వద్దు' అను మాట అన్నమును గూర్చినదియా, చప్పుడును గూర్చినదియా అని ఒక్కమారు ఆగి విచారించుట పెద్దల ధర్మము. విచారించువారికి ఖర్చగునది పావుగంట నిశ్శబ్దము. బిడ్డకు దక్కునది పూట పూట కడుపునిండ భోజనము.